కెవిన్ చిక్కిపోయాడు

కోళ్ల షెడ్డులో కాపురం పెట్టిన కొండచిలువకి కెవిన్ అని పేరు పెట్టింది మెర్వ్ తాత. అది ఎలుకల్ని తింటుంది, దాణా మిగులుతుంది, అంతకంటే మంచి పనివాడు ఎక్కడ దొరుకుతాడని ఆయన వాదన. మనవరాలు టెస్సాకి అయిదేళ్లు. పొద్దున్నే గుడ్లు తేవడానికి వెళ్లినప్పుడు కెవిన్ వీపు నిమిరి పలకరించడం తాతే నేర్పాడు. పట్నం చుట్టాలు అది చూసి గుండెలు బాదుకుంటే కోడలు కెరిన్ నవ్వేది. ఆస్ట్రేలియాలో, అందులోనూ క్వీన్స్‌లాండ్‌లో పుట్టి పాముకి భయపడితే ఇక బతికినట్టే అని ఆమె గొప్ప.

ఆ ఉదయం కెరిన్ పెరట్లో బట్టలు ఆరేస్తూ తలెత్తింది. ఇంటి రేకుల మీద కెవిన్ బారుగా పడుకుని ఎండ కాగుతున్నాడు. అప్పుడే టెస్సా గుడ్ల బుట్టతో షెడ్డులోంచి వచ్చింది.

"అమ్మా, కెవిన్ చిక్కిపోయాడే! తాత తిండి పెట్టట్లేదా?"

కెరిన్ చేతిలోని దుప్పటి జారిపోయింది. "ఎక్కడ చూశావే?"

"గుడ్ల గూట్లో. నిమిరితే అలిగాడు. చెయ్యి తోసేశాడు."

మణికట్టు మీద ముల్లు గీసుకున్నంత గీత. రక్తం లేదు, నొప్పి లేదు. ప్రాణం తీసే బ్రౌన్ పాము కాటు అలాగే ఉంటుందని ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు, పిల్లకి తప్ప. కెరిన్‌కి బిడ్డని ఎత్తుకుని పరుగెత్తాలనిపించింది. పరుగెడితే విషం కూడా పరుగెడుతుంది.

"టెస్సా, బొమ్మలా ఉండే ఆట. ఇక్కడే పడుకో. కదిలితే ఓడిపోయినట్టే." తర్వాత ఇంటివైపు తిరిగి అరిచింది. "మామయ్యా! అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి! కట్లు తీసుకురండి!"

మెర్వ్ ఫోన్ చెవికి ఆనించుకునే వచ్చాడు. పిల్ల చెయ్యి చూశాడు, రేకుల మీదికి చూశాడు.

"కడగలేదు కదా?" ఆ చర్మం మీది విషం చూసే డాక్టర్లు మందు తేలుస్తారు.

"లేదు."

వేళ్ల నుంచి భుజం దాకా కట్టు చుడుతూ అన్నాడాయన. "నేనే కదమ్మా దీనికి నేర్పింది..."

"ఇప్పుడు కాదు మామయ్యా. గట్టిగా బిగించండి."

"అమ్మా, నిద్రొస్తోంది," అంది టెస్సా.

"కళ్లు మూసినా ఓడిపోయినట్టే, నా తల్లీ." కెరిన్ నవ్వుతూనే చెప్పింది. లోపల మాత్రం ఆమె ప్రాణం పిల్ల రెప్పల మీదే ఉంది. ఆకాశంలో అంబులెన్స్ హెలికాప్టర్ చప్పుడు వినపడేదాకా ఆ రెప్పల మీంచి చూపు తిప్పలేదు.

పిల్ల బతికింది. విరుగుడు మందు పనిచేసింది.

ఇంటికొచ్చాక కెవిన్‌ని పట్టించి అడవిలో వదిలేస్తానన్నాడు మెర్వ్. కెరిన్ వద్దంది. వాడు పోతే ఎలుకలు పెరుగుతాయి, వాటి వెనకే బ్రౌన్ పాములు వస్తాయి. భయం ఉన్నా లెక్క మారదు కదా.

మర్నాడు షెడ్డు గుమ్మంలో టెస్సా ఆగిపోయింది. దాణా బస్తా మీద కెవిన్ చుట్ట చుట్టుకుని ఉన్నాడు.

"రా బంగారం," అన్నాడు మెర్వ్. "వీడు మనవాడే."

టెస్సా చేతులు వెనక్కి దాచుకుంది. "మనవాడేనని నీకెలా తెలుసు తాతా?"

పిల్లకి భయం వచ్చిందని వెనకే ఉన్న కెరిన్‌కి నిశ్చింతగా ఉండాలి, కానీ ఏడుపొచ్చింది. మెర్వ్ బుట్ట అందుకుని, గూట్లో గడ్డిని ముందు కర్రతో కదిపి, తనే గుడ్లు ఏరాడు.