పిలవని పేరు

ముక్కమ్మ తన కొట్టులో, తన పళ్లెం వంకే దొంగను చూసినట్టు చూసింది. మంచుముక్కల మీద పార చేపలు నిగనిగలాడుతున్నాయి. పొద్దున రేవులో ఆమె పార కొననే లేదు. కొన్నది చందువ, దాంతోపాటు కాసిని కానాగంతలు. వీధి మొదటి నుంచి "చందువ వచ్చిందమ్మా, చందువ! కానాగంతలు!" అని గొంతు చించుకుని మరీ పిలుస్తూ వచ్చింది. ఆ కొట్టుకు బోర్డు లేదు, ఉన్నదల్లా ఆ పిలుపే. కొన్న చేప పేరే పిలవాలి, పిలిచిన పేరే పళ్లెంలో ఉండాలి. వాళ్లమ్మ పెట్టిన పద్ధతి అది. ఆ పిలుపు విని, మంచం దిగకుండానే ఆ పూట కూరేమిటో తేల్చుకునేవాళ్లు వీధిలో బోలెడుమంది. మరి పిలవని పేరు పళ్లెంలోకి ఎలా వచ్చినట్టు?

"చందువ ఏదే?" అంది.

"అంతా అయిపోయింది వదినా," అంది మరదలు, కత్తి కడుగుతూ, తలెత్తకుండా.

అయిపోయిందట! తను ఇంటికెళ్లి మొహం కడుక్కుని, నాలుగు మెతుకులు తిని వచ్చేలోపు తట్టెడు చందువ అయిపోయిందట! చెత్తబుట్టలో చూస్తే ఒక్క చందువ తల లేదు, ఒక్క తోక లేదు. కొన్నవాళ్లు కోయించుకోకుండా గుటుక్కున మింగేశారు కాబోలు.

"మరి ఈ పార?"

"పక్కవీధిలో మిగిలితే తెచ్చాను. పళ్లెం ఖాళీగా ఉంటే బాగుండదని."

చెప్పొద్దూ, ముక్కమ్మకు ఒళ్లు మండిపోయింది. తమ్ముడు పెద్ద పడవ మీద పనికి పోయాడంటే మళ్లీ ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. ఇంట్లో ఉండేది ఈ వదినా మరదళ్లే. కాపురానికి వచ్చిన కొత్తలో చేపను తోక పట్టుకుని ఎత్తడానికే జంకిన పిల్ల, ఇప్పుడు తన వెనకాల బేరాలు నడుపుతోందన్నమాట. మంచి సరుకంతా ఎవరికో చాటుగా చేరవేసి, రేపు సొంతంగా దుకాణం పెట్టుకుంటుంది. ఆనక తనను మూల కూర్చోబెడుతుంది. మొగుడూ పిల్లలూ లేని ముక్కమ్మకు ఈ కొట్టు తప్ప ఇంకేముంది?

అసలు ఆమెను ముక్కమ్మ అనేది ఊరికే కాదు. రేవులో మొప్పలకు రంగు పూస్తారు, కళ్లు మెరవడానికి నీళ్లు చిలకరిస్తారు. ఆమె అవేవీ చూడదు. చేపను ఎత్తి, మొప్ప తెరిచి, ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. అంతే. నిన్నటిదైతే విసిరి కొడుతుంది. ఒకప్పుడు ఆమె వస్తోందంటే దళారి నిన్నటి తట్టల మీద గోనె కప్పేవాడు. ఈమధ్య వాడికి ఎక్కడలేని మర్యాద పుట్టుకొచ్చింది. "నీకోసమే పక్కన పెట్టానక్కా" అని పళ్లికిలిస్తున్నాడు. ఇన్నాళ్లకు బుద్ధి వచ్చిందిలే అనుకుంది ముక్కమ్మ.

ఆమె అనుమానమంతా మరదలి మీదే. కూరల్లోనూ ఏదో మర్మం ఉంది. మొన్నామధ్య పెద్ద జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ మరదలు ఏం వండి పెట్టినా గడ్డి నమిలినట్టే ఉంటోంది. తిండి సయించక తను మంచం పడితే ఎవరికి లాభం? ఆలోచించినకొద్దీ లెక్క కుదురుతోంది.

మర్నాడు మాగ పిలిస్తే పళ్లెంలో గొరక ఉంది. ఆ మర్నాడు పండుగప్ప పిలిచింది. దర్జీ సంచి ఊపుకుంటూ వచ్చి, వేలెడంత నెత్తళ్లు చూసి నవ్వాడు.

"ఏంటి ముక్కమ్మా, పండుగప్ప అన్నావు, వచ్చేలోపు ఇంత చిక్కిపోయిందేం?"

వీధిలో నలుగురి ముందు తల కొట్టేసినట్టయింది. అంతలో టీకొట్టాయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నాకెందుకులే గానీ, మీ మరదలు రోజూ బరువు సంచి మోసుకుని ఐసు ఫ్యాక్టరీ వెనక సందులోకి పోతోంది. ఓ కన్నేసి ఉంచు."

మరుసటి పొద్దున ముక్కమ్మ చందువ తట్ట దించి, ఎప్పటిలాగే ఇంటికి బయలుదేరినట్టు నటించి, కిరాణా కొట్టు అరుగు చాటున నక్కింది. కాసేపటికే మరదలు అటూ ఇటూ చూసి, సంచి భుజాన వేసుకుని బయటపడింది. ముక్కమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని వెంటపడింది. ఇవాళ రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకుని, తమ్ముడికి ఫోన్ చేసి, ఈవిడగారి బండారం బయటపెట్టాల్సిందే.

సందు చివర ఎవరూ లేరు. బేరగాడు లేడు, బండి లేదు. ఉన్నది చెత్తకుండీ. మరదలు అందులోకి సంచి బోర్లించింది.

"ఓసి నీ దుంపతెగ!" ముక్కమ్మ అరుపుకు గోడ మీద పిల్లి ఉలిక్కిపడింది. "బంగారంలాంటి చందువను పారేస్తావా? అమ్ముకుంటున్నావనుకున్నానే, నన్ను ముంచడానికి పారబోస్తున్నావా?"

కుండీలో చెయ్యి పెట్టి ఒక చందువను పైకి లాగింది. మొప్ప తెరిచి ముక్కుకు ఆనించుకుంది. "ఇదిగో, చూడు! ఏమన్నా వాసనుందా? ఇసుమంతైనా ఉందా?"

మరదలు రెండడుగులు వెనక్కి వేసి, కొంగుతో ముక్కు మూసుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాటకాలాడకు!" ముక్కమ్మ ఆ చేపను పిల్లి ముందుకు విసిరింది. "దానికున్న బుద్ధి నీకు లేకపోయింది."

పిల్లి ఆశగా గోడ దూకి వచ్చింది. చేపను వాసన చూసింది. తల విదిలించుకుని, వెనక్కి తిరిగి, చక్కా పోయింది.

ముక్కమ్మ తన అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. చేప లేదు, చెత్త లేదు, పక్కనే పారుతున్న మురిక్కాలువ కూడా లేదు. గాలి మాత్రమే లోపలికి పోయింది. గడ్డిలాంటి కూరలూ, దళారి మర్యాదా ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అక్కడే చతికిలబడింది.

"ఎప్పట్నుంచే?"

"ఆ జ్వరం దగ్గర్నుంచి, వదినా."

"మరి పళ్లెంలో పెట్టినవో?"

"మీ తమ్ముడు నా చేతిఖర్చుకని పంపేదాంతో కొన్నాను."

"నాతో ఒక్క ముక్క చెప్పి చావొచ్చు కదే!"

మరదలు పక్కన కూర్చుంది. "ఊరంతా మిమ్మల్ని ముక్కమ్మా అని పిలుస్తుంటే, ఏమని చెప్పను వదినా?"

ముక్కమ్మ ఏడ్చింది. పోయిన ముక్కు కోసం కొంత, ఈ పిల్లను ఇన్నాళ్లూ ఆడిపోసుకున్నందుకు అంతకన్నా ఎక్కువ.

మర్నాడు రేవుకు ఇద్దరూ కలిసే వెళ్లారు. దళారి చేతులు నలుపుకుంటూ ఎదురొచ్చాడు. "నీకోసమే పక్కన పెట్టానక్కా. మేలిరకం వంజరం!"

ముక్కమ్మ చేపను ఎత్తి, మొప్ప తెరిచి, ఎప్పటిలాగే ముక్కు దగ్గర పెట్టుకుంది. భుజానికి భుజం ఆనించి నిలబడ్డ మరదలు కొంచెం ముందుకు వంగింది. చీర కుచ్చిళ్ల కింద ఆమె కాలి బొటనవేలు ముక్కమ్మ పాదాన్ని గట్టిగా నొక్కింది.

ముక్కమ్మ ఆ వంజరాన్ని దళారి కాళ్ల దగ్గర విసిరి కొట్టింది. "నిన్నటిది నాకు అంటగడతావురా?"

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. వాడు గబగబా వెళ్లి గోనె కింద నుంచి వేరే వంజరం తట్ట లాక్కొచ్చాడు. ఈసారి ఆమె పాదం మీద ఏ వేలూ పడలేదు.

వీధి మొదటికి రాగానే ముక్కమ్మ అలవాటుగా గొంతు సవరించుకుంది. ఎందుకో ఆగి, తట్టను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది.

"ఇవాళ నువ్వు పిలువు," అంది.

"నేనా? నా గొంతు లేవదు వదినా."

"కొన్నదెవరే? కొన్నవాళ్లే పిలవాలి."

మరదలు సిగ్గుపడుతూనే, పీలగా, "వంజరం వచ్చిందమ్మా" అని పిలిచింది. దర్జీ కిటికీలోంచి తల బయటపెట్టి, ఇదెవరి గొంతా అని చూశాడు.