ఆపమన్న చెయ్యి

చోడి అంబలి గిన్నె అడుగున రెండు గుక్కలు మిగిల్చి, అప్పలసూరి మాత్ర నోట్లో వేసుకున్నాడు. గౌరీశ్వరి చేతిలోని నీళ్ల చెంబు అందుకుని, తల వెనక్కి వంచి మింగి, నోరు తెరిచి చూపించాడు. చూపించమని ఇప్పుడెవరూ అడగడం లేదు. ఆసుపత్రి వార్డులో ఉన్నన్నాళ్లూ నర్సమ్మకు అలా చూపించి చూపించి, ఆ అలవాటును ఇంటిదాకా తెచ్చుకున్నాడు.

"అంబలి మిగిల్సినావేటి మావా?"

"సాల్లే. కడుపు నిండిపోనాది."

గౌరీశ్వరి గిన్నెకేసి ఒకసారి, మొగుడికేసి ఒకసారి చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషి అంబలి మిగల్చడం ఆమె ఎరిగినంతలో ఒక్క కాలంలోనే జరిగింది. అది పోయినేడు, జబ్బు మొదలైనప్పుడు. ఏదో అడగబోయేలోపు వీధిలో దావూద్ బండి హారన్ మోగింది.

అప్పలసూరి యాభై దాటినవాడు. పొట్టి మనిషి, పొట్టి మెడ, వెడల్పాటి భుజాలు. ఉద్యోగమంతా ఎండలో తలెత్తి పైకి చూస్తూ గడిపినందువల్ల గడ్డం కింది చర్మం కూడా ముఖమంత నల్లబడింది. ఆనందపురం పక్క పల్లెలో నాన్నతో పాటు బంతితోట తవ్వుకునేవాడు, ఎవరో చెబితే గాజువాక వచ్చి, ఆటోనగర్‌లో ఒక ఇనుప సామాన్ల యార్డులో ఖలాసీగా చేరాడు. బరువులకు స్లింగులు, అంటే ఇనుప తాళ్లు, తొడగడం, కింద నిలబడి చేతి సైగలతో క్రేన్‌ని నడిపించడం అతని పని. పైన కేబిన్‌లో కూర్చుని ఆ సైగల ప్రకారం మీటలు లాగేవాడు దావూద్. పట్నం పాతూరి మనిషి, పొడుగరి, నోటి దురుసు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. మీకు చుట్టరికం ఎలా కలిసిందని ఎవరైనా అడిగితే, "హుక్కు తరపు సుట్టరికం" అంటాడు దావూద్.

ఆ దావూద్ ఈ సాయంత్రం రైలెక్కి హైదరాబాదు, అక్కడి నుంచి విమానంలో మస్కట్ పోవాలి. అక్కడి రేవులో పెద్ద క్రేన్ మీద ఉద్యోగం. నిరుడు కూడా ఇదే ఉద్యోగం వచ్చింది. అప్పుడు అప్పలసూరి వార్డులో ఉన్నాడని వెళ్లలేదు. వచ్చిన అవకాశాన్ని కాలదన్నుకున్నాడని అతని భార్య షంషాద్ నెల్లాళ్లు మాట్లాడటం మానేసింది. అదృష్టం రెండోసారి తలుపు తట్టడం దావూద్ లాంటివాళ్ల ఇళ్లలో తరచు జరిగే పని కాదు.

"బావా, సాయంత్రం నాను రైలెక్కాలా వొద్దా అన్నది నీ సేతిలోనే ఉన్నాది," అన్నాడు దావూద్, బండి స్టార్ట్ చేస్తూ. "డాక్టరమ్మ నిన్ను రోజూ కాదు, నెలకోపాలి వొత్తే సాలన్నాదనుకో, ఎల్తాను. నేదన్నాదనుకో, టికెట్టు సింపీడమే."

"నాకేటైంది? దుక్కలాగున్నాను."

"ఆ మాట ఆవిడ సెప్పాల."

గాజువాక దాటి ఎన్ఏడీ వంతెన ఎక్కేదాకా అప్పలసూరి వెనక సీటులో కూర్చుని, గాలి హోరులో ఎవరికీ వినపడకుండా, "బాగున్నానమ్మా" అని అనుకుంటూనే ఉన్నాడు. గట్టిగా అంటే అబద్ధంలా ఉంది. మెల్లగా అంటే ఏడుపులా ఉంది. మధ్యస్తంగా అనడం వంతెన దిగేలోపు కుదిరింది.

నిజానికి వారం రోజులుగా అతను బాగా లేడు. కాకులు లేవకముందే మెలకువ వచ్చేస్తోంది. ముద్ద గొంతు దిగడం లేదు. నిన్న స్నానం చేస్తుంటే, నేను లేకపోతే అందరికీ తేలికవుతుంది గదా అన్న ఆలోచన, అడగకుండా లోపలికొచ్చే ఇరుగింటివాడిలా వచ్చి కూర్చుంది. నిరుడు వచ్చిన ఆలోచనే. అతను దాన్ని గుర్తుపట్టాడు. గుర్తుపట్టి కూడా ఎవరికీ చెప్పలేదు. చెబితే దావూద్ ఆగిపోతాడు. ప్రాణం నిలిపినవాడి కూడు రెండోసారి కూడా చెడగొట్టడమా? ఆ ఒక్క సంగతి తలుచుకుంటేనే అతనికి ప్రాణం పోయినంత పనవుతోంది.

ప్రాణం నిలిపాడన్నది ఉత్తి మాట కాదు. నిరుడు ఒక ఉదయం పొడవాటి దూలం ఒకటి గాలిలో ఉండగా, దాన్ని ఎత్తమనాలో దించమనాలో తోచక అప్పలసూరి చెయ్యి గాలిలో అలాగే ఆగిపోయింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఊరందరి బరువులూ దింపినవాడు తన బరువు కింద తనే బిగుసుకుపోయాడు. ఇంకొకడైతే కేబిన్‌లోంచి బూతులు తిట్టేవాడు. దావూద్ దూలాన్ని మెల్లగా నేలకు దించాడు, కేబిన్ దిగి వచ్చాడు, బావ కళ్లల్లోకి చూశాడు. "పద," అన్నాడు. ఎక్కడికని అప్పలసూరి అడగలేదు. అడిగే ఓపిక కూడా లేదు.

ఆ తరవాత ఇంటిమీదికి సలహాలు వచ్చి పడ్డాయి. దిష్టి అన్నారు, గాలి అన్నారు. వీధి చివర ఆరెంపీ బలానికి సూదులన్నాడు. గౌరీశ్వరి అన్న వెంకటేష్ మాత్రం, "ఇలగ కాదు. ఆర్నెల్లు ఆస్పత్రిలో ఎట్టీసి తాళం ఏయించీయండి. ఎన్నాళ్లుంటే అంత గట్టిగా నయమవుద్ది," అని తేల్చేశాడు. ఊరగాయ మాగేసినట్టు మనిషిని కూడా మాగేయొచ్చని అతని నమ్మకం.

దావూద్ అవేవీ వినకుండా తీసుకెళ్లిన ఆసుపత్రిలో డాక్టరు జ్యోతిర్మయి ఆర్నెల్లూ వద్దంది, ఉత్తి మాత్రలూ చాలవంది. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడిగింది. ఆ మాట అంత తిన్నగా అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు. ఉందని చెప్పాడు. ఆ పూటే వార్డులో చేర్చుకుంది. ఆలోచన కాస్త వదులయ్యాక ఇంటికి పంపి, రోజూ పొద్దున్న వచ్చి సాయంత్రం వెళ్లిపోయే డే కేర్‌లో వేసింది. నెలల తరబడి అదే దారి. దావూద్ షిఫ్టు మార్పించుకుని మరీ పొద్దున్నే దించి పోయేవాడు.

ద్వారకా నగర్‌లో ఒక సందులో కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉంది ఆ డే కేర్. కింద పిల్లలు డాక్టర్లవడానికి బట్టీ పడుతుంటారు, పైన డాక్టరు అవసరమైనవాళ్లు కాగితం సంచులు మడుస్తుంటారు. ముందు వ్యాయామం, తరవాత గుండ్రంగా కూర్చుని మాటలు, ఆ పైన సంచులు, మధ్యాహ్నం భోజనం, క్యారమ్స్. అప్పలసూరి అరచేతులు చెప్పు అడుగులంత గట్టివి. ఇనుప తాడు కోసిన గీత ఒకటి ఎడమ చేతికి అడ్డంగా ఉంది. ఆ చేతులతో పల్చటి కాగితం మడతపెట్టడం మొదట్లో నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు అతను మడిచిన సంచీకి మూల వంకర పోదు. ఈ రోజు మూడు సంచులు చిరిగాయి.

భోజనాల ముందు జ్యోతిర్మయి పిలిచింది. నలభై ఏళ్లావిడ, నూలు చీర, చేతికి వాచీ తప్ప మరేమీ లేదు. ఎదటి మనిషి మాట్లాడేటప్పుడు పెన్ను పట్టుకోదు. అందుకే ఆవిడంటే అప్పలసూరికి గురి.

"ఇక నెలకోసారి వస్తే చాలేమో చూద్దామా అప్పలసూరి గారూ? యార్డులో కూడా అడుగుతున్నారట కదా. నిద్ర ఎలా ఉంది?"

"బాగున్నాదమ్మా."

"తిండి?"

"బాగున్నాదమ్మా."

మధ్యస్తంగానే అన్నాడు. రెండుసార్లూ బాగానే కుదిరింది.

"మరి ఆ ఆలోచన? మళ్లీ ఎప్పుడైనా వచ్చిందా?"

లేదమ్మా అన్న మాట నాలుక చివరన తయారుగా ఉంది. పెదవులు కూడా విడివడ్డాయి. కానీ బల్ల మీదున్న కుడి చెయ్యి లేచి, అడ్డంగా చాచుకుని, అరచెయ్యి నేలకేసి ఉండి, అలా నిలబడిపోయింది. దాన్ని తనే ఎత్తాడో, అదే లేచిందో అతనికీ తెలియలేదు.

"ఏమిటది?" అంది జ్యోతిర్మయి.

"ఆపమనీ సైగమ్మా. క్రేన్‌కి ఎత్తమన్నా దించమన్నా నానే సెప్పాల. మా యార్డులో ఇంకెవుళు సెప్పినా ఆపరేటరు ఇనకూడదు. ఆపమనీది మాత్రం ఎవుళైనా సెప్పొచ్చు. టీ తెచ్చినోడైనా, ఊడ్సినామైనా. ఆ సెయ్యి కనబడ్డాదంటే ఆపీయాల. ఎందుకని అడక్కూడదు."

జ్యోతిర్మయి అడగలేదు. అతని చెయ్యి పట్టుకుని మెల్లగా బల్ల మీదికి దించి, ఏడవనిచ్చింది. అంత పెద్ద చేతుల్లో ముఖం పెట్టుకుని అతను చాలాసేపు ఏడ్చాడు. తరవాత నిద్ర సంగతి, ముద్ద సంగతి, స్నానాల గదిలో వచ్చిన ఆలోచన, దావూద్ టికెట్టు, అన్నీ చెప్పేశాడు. ఏమైనా చేసుకోవాలని ఏర్పాటు చేసుకున్నారా అని అడిగిందావిడ. లేదన్నాడు. ఇంట్లో ఎవరుంటారు, రాత్రి ఎవరు తోడు అని అడిగింది. గౌరీశ్వరి అన్నాడు.

"అయితే ఇవాళ వార్డు అక్కర్లేదు. నెలకోసారీ వద్దు. రోజూ వచ్చే ఈ పద్ధతే ఇంకొన్నాళ్లు సాగిద్దాం. మాత్ర మారుస్తాను. గౌరీశ్వరి గారికి ఇప్పుడే ఫోన్ చేస్తాను, మీరు ఒంటరిగా ఉండకూడదు. ఏ వేళప్పుడైనా ఆ ఆలోచన బరువెక్కితే, పొద్దుటిదాకా ఆగకుండా తిన్నగా వార్డుకే వచ్చేయాలి. సరేనా?"

"మల్లా ఎనక్కి పోనానా అమ్మా?"

"పోలేదు. నేనివాళ తప్పు నిర్ణయం తీసుకోబోయాను, మీరు ఆపారు. మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?"

అడగనిదే అమ్మయినా పెట్టదని నాన్న అనేవాడు, బంతిపూల బుట్ట నెత్తికెత్తుకోవడానికి సాయం పిలవమని. అప్పలసూరికి ఆకలి వేసింది. వెళ్లి, చల్లారిపోయిన అన్నం పప్పూ కలుపుకుని, పళ్లెం ఖాళీ చేశాడు.

సాయంత్రం దావూద్ ఆటోలో వచ్చాడు. బండి తమ్ముడికిచ్చేశాడు, సూట్‌కేసు పక్కన పెట్టుకున్నాడు. స్టేషన్‌లో ఏడుపులొద్దని షంషాద్‌ని గుమ్మం దగ్గరే ఆపేశాడట.

"ఏటన్నాదిరా?"

అప్పలసూరి ఆటో ఎక్కి, దాచకుండా చెప్పాడు. దావూద్ ముఖం మాడిపోయింది. చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు.

"టికెట్టు కేన్సిల్ సేసీసి, మస్కట్టోళ్లకి ఫోన్ కొట్టీత్తాను."

"ఆ ఫోన్ జేబులో ఎట్టు." అప్పలసూరి అతని మణికట్టు పట్టుకున్నాడు. నిరుటినించి అతను ఎవరిమీదా అంత గొంతు ఎత్తలేదు. "ఇను బావా. ఇయ్యేల నిజం సెప్పినాను. దానికి నువ్వు ఆగిపోనావనుకో, ఇంకోపాలి నాను నిజం సెప్పను. సచ్చినా సెప్పను. నువ్వెల్తేనే నాను సెప్పగలను."

"మరి రేపట్నుంచి నిన్నెవుడు దింపుతాడు?"

"గౌరి ఉన్నాది. బస్సులున్నాయి. డాక్టరమ్మున్నాది. వార్డు తలుపు తీసే ఉన్నాది. బరువెక్కువైతే లావు స్లింగు ఏత్తాం, సన్నది ఏత్తామేటి? లావుది ఏసినామని మన యార్డులో ఎవుడైనా సిగ్గుపడ్డాడా?"

ఆటో డ్రైవరు అద్దంలోంచి ఇద్దరినీ చూసి, స్టేషన్‌కేనా సార్ అని అడిగాడు. దావూద్ ఫోన్ జేబులో పెట్టి తల ఊపాడు. "అల్లా నిన్ను సల్లగా సూడాల," అన్నాడు, బయటికి చూస్తూ.

గౌరీశ్వరి వాళ్లకంటే ముందే ప్లాట్‌ఫారం మీద ఉంది. ఫోన్ రాగానే కట్టుచీరతో బస్సెక్కేసినట్టుంది, జడ కూడా సగమే అల్లుకుంది. మొగుణ్ని చూసి తిట్టలేదు, అడగలేదు. దగ్గరికి వచ్చి కొంగుతో అతని నుదురు తుడిచింది. తరవాత దావూద్ వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "అన్నా" అని మాత్రం అనగలిగింది. ఇంత కాలంగా ఆ ఇంటికి జరిగిన మేలంతా ఆ ఒక్క పిలుపులో చెప్పాలని చూసింది. చెప్పగలిగిందనే అనుకోవాలి, ఎందుకంటే దావూద్ అంతటి నోటి దురుసు మనిషి కూడా తల దించుకున్నాడు.

ప్లాట్‌ఫారం కిటకిటలాడుతోంది. దావూద్ ఒక బెంచీ మీద భుజాన ఉన్న తువ్వాలు పరిచి చోటు పట్టుకుని, సూట్‌కేసు దాని పక్కన ఆనించి, ముగ్గురికీ టీ తేవడానికి వెళ్లాడు. టీ తాగుతుండగానే బండి వచ్చింది. జనం, తోపులాట, కూలీల కేకలు. దావూద్ సూట్‌కేసు లాక్కుని ఎక్కేశాడు. బండి కదిలేటప్పుడు తలుపు దగ్గరికి వచ్చి, చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాడు. ఎత్తమన్న సైగ. ఇన్నేళ్లలో ఆ సైగ అతను చూడటమే తప్ప చేయడం ఇదే మొదలు. అప్పలసూరి నవ్వాడు, చెయ్యి ఊపాడు, ఆఖరి బోగీ మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నాడు.

"పద మావా, బస్సుకి జనం ఎక్కువైపోతారు," అంది గౌరీశ్వరి. "సిటంసేపు కూకుని ఎల్దాం," అన్నాడతను.

ఇద్దరూ బెంచీ దగ్గరికి వచ్చారు. దావూద్ మరిచిపోయిన నీలిగళ్ల తువ్వాలు అక్కడే ఉంది. గౌరీశ్వరి దాన్ని తీయబోయి, ఆగి, పక్కగా సర్దుకుని కూర్చుంది. అప్పలసూరి ఇటు పక్క కూర్చున్నాడు. తరవాతి బండికి వచ్చిన జనం బెంచీ చుట్టూ నిలబడ్డారు, సామాన్లు మోస్తూ చోటు కోసం వెతుక్కున్నారు, కానీ తువ్వాలు వేసి ఉంది గనక అక్కడ మాత్రం ఎవరూ కూర్చోలేదు.