చివరి పలకరింపులు

బూట్ల కింద క్యాసెట్లు పటపటా విరుగుతున్నాయి. తొమ్మిదో బిల్డింగు మెట్ల నిండా నల్లటి టేపు చిక్కులు చిక్కులుగా పడి ఉంది. కాళ్లకు చుట్టుకుంటున్న ఆ టేపును తన్నుకుంటూ నెరెయిదా మూడో అంతస్తు నుంచి కిందికి పరుగెత్తింది. స్కూలు వంటగదిలో కట్టుకునే తెల్ల ఏప్రాన్ ఇంకా నడుముకే ఉంది.

కింద సిమెంటు మీద ఆమె కొడుకు యామిల్ వెల్లకిలా పడి ఉన్నాడు. ఇరవయ్యేళ్లవాడు. పిడికిట్లో మైకు వైరు ముక్క.

"పారిపోతూ పడ్డాడు," అన్నాడొక పోలీసు.

"వెల్లకిలానా? పారిపోయేవాడు వెనక్కి పరుగెత్తుతాడా?" జనంలోంచి యామిల్ స్నేహితుడు చాగో అరిచాడు. లాఠీ వాడి నుదుటి మీద పడింది.

వచ్చినవాళ్లు ఐదుగురు. ఐదుగురూ చొక్కా మీది పేరు పట్టీలకు నల్ల ప్లాస్టరు అంటించుకున్నారు. తోసిందెవడో నెరెయిదా చూడలేదు. ఆ సమయంలో ఇద్దరు ఆమెను వంటింటి గోడకు అదిమిపెట్టారు. కేక మాత్రం విన్నది.

ప్యూర్టోరికోలోని పేదల కాలనీల్లోకి ప్రభుత్వం సైన్యాన్ని దింపి రెండేళ్లయింది. అమపోలాస్ కాలనీ చుట్టూ కంచె, ఒకటే గేటు, గుర్తింపు కార్డు చూపిస్తేనే సొంతింటికి దారి. ఇప్పుడు పోలీసులు పాటల మీద పడ్డారు. బీటు జమైకాది, పనామా మీదుగా వచ్చింది. దానికి ఇక్కడి కుర్రాళ్లు తమ భాషలో తమ కోపాన్ని అతికించారు. ఆ సంగీతాన్ని తర్వాత లోకమంతా రెగ్గేటన్ అంటుంది. అప్పటికి మాత్రం అది అల్మారాల్లో రికార్డయి చేతులు మారే క్యాసెట్టు. పోలీసుల లెక్కలో నేరం.

మర్నాడు మధ్యాహ్నం బాస్కెట్‌బాల్ కోర్టులో జనం చేరారు.

"తొమ్మిదో బిల్డింగు, మూడో అంతస్తు. తర్వాత ఐదులో నా ఇల్లు. ఆ తర్వాత పన్నెండులో దెలియా ఇల్లు. ఒక్క తలుపు తప్పు కొట్టలేదు!" కట్టు కట్టిన తలతో చాగో ఊగిపోతున్నాడు. "ఎవడో చీటీ రాసిచ్చాడు!"

"గేటు దగ్గర పొద్దస్తమానం కూర్చునేదెవరు?" అంది దెలియా.

చూపులన్నీ ఐసు బండి ఎలాడియో వైపు తిరిగాయి.

"సైనికులకి కూడా ఐసు అమ్ముతావు కదా మామా?" అడిగాడు చాగో.

"ఎండ వాళ్లకీ కొడుతుంది, తింటారు. అంతమాత్రాన తొత్తునైపోయానా?" ముసలాయన చెయ్యి చాపి చూపించాడు. "యామిల్‌గాడికి పళ్లు రాకముందే కొబ్బరి పాకం నాకించిన చెయ్యిరా ఇది!"

ఎవరో బండిని తోసేశారు. ఎర్రటి పాకం కోర్టంతా పారింది.

నెరెయిదా అక్కడ లేదు. పాతిపెట్టేటప్పుడు కొడుక్కి తొడగాల్సిన చొక్కా కోసం అల్మారా తెరిచింది. గోడలకు పాత పరుపు కొట్టిన ఆ అల్మారాయే వాడి స్టూడియో. చొక్కాల కింద రికార్డరు పడి ఉంది. పోలీసులు అరలో కనపడినవే తొక్కిపోయారు. టేపును వెనక్కి తిప్పి, మీట నొక్కింది.

డుమ్, తక డుమ్ తక. ఆ పైన వాడి గొంతు.

క్యాసెట్టు చివర, ఆనవాయితీగా, పాడినవాడు కాలనీవాళ్లకు చెప్పే పలకరింపులుండాలి. బిల్డింగు, అంతస్తు, పేరు. పేరు లేనివాళ్లు నెల రోజులు మూతి ముడుచుకుంటారు. ఆమె కూడా అలిగింది. "ఊళ్లోవాళ్లందర్నీ పలకరిస్తావు, కన్నతల్లి గుర్తురాదేం? ఇంటి గుర్తులతో సహా చెప్పు, మీ పిన్ని వినాలి." అప్పట్నుంచి వాడు ఆమెతోనే మొదలుపెట్టేవాడు.

"ముందుగా తొమ్మిదో బిల్డింగు, మూడో అంతస్తు, మా అమ్మ నెరెయిదా. కందులన్నం వండిందంటే కాలనీ అంతా వాసనే! ఐదులో చాగోగాడు... పన్నెండులో దెలియక్క..."

అంతలో తలుపు విరిగిన చప్పుడు. పెనుగులాట. ఒక పోలీసు భయంతో అరుస్తున్నాడు, తనతో వచ్చినవాణ్ణి హోదాతో సహా పేరు పెట్టి పిలుస్తూ: తొయ్యకు, వెనక మెట్లున్నాయి! కొడుకు కేక. ఆ తర్వాత టేపు అయ్యేదాకా ఒట్టి డుమ్ తక.

మూడుసార్లు విన్నది. రికార్డరును పసిపిల్లాడిలా చంకనెత్తుకుని కోర్టుకు వచ్చింది.

"బండి లేపండి. చీటీ రాసిచ్చింది నేను."

జనం బిత్తరపోయారు.

"ప్రతి క్యాసెట్టులో ఇదే వరుస. ముందు నేను, తర్వాత చాగో, దెలియా. పోటీలు పడి మనమే చెప్పించుకున్నాం. వాళ్లు దుకాణంలో ఒకటి కొనుక్కున్నారు, అంతే." ఆమె రికార్డరును గుండెకు అదుముకుంది. "నా సరదా నా బిడ్డను తినేసింది."

చాగో వెళ్లి బండి ఎత్తాడు.

"చక్రం వంకరపోయింది," అన్నాడు ఎలాడియో కళ్లు తుడుచుకుంటూ. "నువ్వే బాగుచెయ్యాలిరా, వెధవా."

"ఇక పేర్లు చెప్పడం మానేద్దామా అక్కా?" దెలియా అడిగింది.

"పేరు దాచుకోవాల్సింది మనమా? ప్లాస్టర్లు అంటించుకున్నవాళ్లా?"

మరునాడు పొద్దున శవపేటిక గేటు దగ్గరికి వచ్చింది. ఆ ఐదుగురూ అడ్డంగా నిలబడ్డారు. "పాట పెడితే అందర్నీ లోపలేస్తాం." ఎలాడియో బండిలో ఐసు గుడ్డ కింద దాచిన స్పీకరును ఈడ్చి పగలగొట్టారు.

తర్వాత ఏదో బాల్కనీలో గరిటె గిన్నెను తాకింది. డుమ్, తక డుమ్ తక. ఇంకో బాల్కనీ. ఇంకోటి. కాలనీ మొత్తం మోగింది.

"ఐదో బిల్డింగు, చాగో! రాసుకోండిరా!"

"పన్నెండు, రెండో అంతస్తు, దెలియా!"

"ఇల్లు లేదు, ఐసు బండి, ఎలాడియో!"

పేరు వెంట పేరు కంచె దాటింది. పోలీసుల చేతులు లాఠీల మీదికి వెళ్లాయి. నెరెయిదా పేటిక మీద చెయ్యి వేసి నిలబడింది. గిన్నెలు ఆగాయి.

"తొమ్మిదో బిల్డింగు, మూడో అంతస్తు, నెరెయిదా. కొడుకు యామిల్. ఆఖరి పలకరింపు వాడు చెప్పలేకపోయాడు, నేను చెబుతున్నా. నా బిడ్డను మెట్ల మీంచి తోసినవాడికి."

ఐదుగురిలో ఒకడి చెయ్యి తెలియకుండానే గుండె మీది నల్ల ప్లాస్టరు మీదికి పోయింది. ఆమె వాడి కళ్లలోకి చూసింది.

"సార్జెంట్ హసింతో బెర్ముదెస్!"