తొమ్మిదో గుంతలో ఇత్తడి

పన్నెండు అడుగుల లోతులో మట్టి రంగు మారింది.

భీక్యా గడ్డపార ఆపాడు. ఎల్లారెడ్డి దగ్గరి తండా నుంచి వచ్చిన ఈ బావుల పనివాడికి ఎనిమిది పునాది గుంతల్లోనూ ఎర్రమొరమే తగిలింది. ఈ తొమ్మిదో గుంతలో మాత్రం నల్లమట్టి, ఇటుకముక్కలు. పూడ్చిన బావి. ఇంకో పోటు వేశాడు. ఖంగుమంది.

అది 2013 మే నెల. నడిబజారులో పాత పురపాలక కచేరీని కూల్చి, ఆ జాగాలో అంగళ్ళ సముదాయం కడుతున్నారు. రోజూ దోమకొండ బస్సులో వచ్చి గేటు పక్కన కూరగాయలమ్మే సాలవ్వకు అందులో ఒక అంగడి కావాలి. 1990కి ముందు నుంచే ఇక్కడ అమ్ముతున్నట్టు ఆధారం చూపాలి. గడువు ఈ సాయంత్రం ఐదు. ఇప్పుడు మూడు.

టార్పాలిన్ కింద పురపాలక గుమాస్తా రామస్వామి అంగళ్ళు ఇవ్వాల్సినవాళ్ళ జాబితా రాస్తున్నాడు. సాలవ్వ అతని ముందు నిలబడింది.

"ఇన్నేండ్ల సంది నన్ను చూస్తలేవా, సారూ?"

"కొలువుల చేరిన కాడి నుంచి చూస్తున్న. నీ దగ్గర వంకాయలు గూడ కొన్న, సగం పుచ్చులే. నేను చూస్తె సరిపోదవ్వా, ఆధారం కావాలె."

"పుచ్చులు తినే గింత గట్టిగున్నవు."

అప్పుడే గుంతలోంచి బకెట్ పైకొచ్చింది. నిండా నల్లబడ్డ పళ్ళేలు. జనం మూగారు.

"లంకెబిందెలా ఏంది, భీక్యా?"

"లంకెబిందెలైతె మీకు పైకి పంపుతనా?" లోపలి నుంచి జవాబొచ్చింది.

రామస్వామి ఒకటి తిప్పి చూశాడు. తరాజు పళ్ళెం. 1988లో బావి పూడ్చిన రోజు అతనూ ఇక్కడే ఉన్నాడు, కొలువులో చేరిన మొదటి నెల. స్టోరు గదిలోని సామానంతా అందులోనే పోశారు. పర్మిట్ లేనివాళ్ళ దగ్గర పట్టుకున్న తరాజులు కూడా.

"పేరు ఉంటది చూడు," అంది సాలవ్వ. "నాది గూడ పట్టుకపోయిన్రు." "పట్టుకొచ్చినయన్ని ఒక్క కుప్ప ఏస్తుండిరి. ఎవలది ఏదో తెల్వకపాయె. అందుకే గిన్నెల దుకాణంల పేరు, జాగ కొట్టించుకున్నం."

గంపలోంచి నిమ్మకాయ తీసి, కోసి పళ్ళేనికి రుద్దింది. చుక్కల అక్షరాలు తేలాయి. ఆమెకు చదువు రాదు, రామస్వామి చదివాడు.

"మంగవ్వ, చాపల సందు."

మరొకటి. "గంగామణి, పాత బస్టాండు."

నాలుగున్నర అయింది. పదకొండు పళ్ళేలు. సాలవ్వ పేరు లేదు.

"అవ్వా, అడుగు తగిలింది. ఇదే ఆఖరుది," అన్నాడు భీక్యా.

ఆమె రుద్దింది. రామస్వామి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"సాలవ్వ. కచేరి గేటు."

 మళ్ళీ రామస్వామే అన్నాడు, "నిన్ననే కొట్టించుకున్నదని పై ఆఫీసరు అంటె?"

"పదిహేనడుగుల కింద దొరికింది. నమ్మకపోతె దిగి చూడమను. నిచ్చెన నేనే పట్టుకుంట," అన్నాడు పైకొచ్చిన భీక్యా.

రామస్వామి జాబితాలో సాలవ్వ పేరు రాసి, పళ్ళెం కోసం చేయి చాపాడు. "ఇది ఆఫీసుల పెట్టాలె. ఆధారం."

సాలవ్వ వదల్లేదు. "పోయినసారి గిట్లనే పట్టుకపోయిన్రు. రసీదు రాయి, సారూ."

అతను కాగితం తీశాడు. "ఇత్తడి పళ్ళెం, ఒకటి."

"మంచిగ తోమింది అని రాయి. వాపసిచ్చే తారీఖు గూడ ఎయ్యి."