ఇద్దరు సుంకులమ్మలు

సుజాత ముందురోజు మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కింది. రాత్రి ఎనిమిదికి దిగి జమ్మలమడుగు బస్సు పట్టుకోవాల్సిన మనిషి. నైట్‌కు రావాల్సిన నర్సుకు జ్వరమని ఫోనొచ్చింది. "ఈ ఒక్క పూటకు సర్దుకో తల్లీ, ఇంగెవర్ని పిలుద్దును" అంది మేట్రన్ మైమూన్ మేడం. ఆ నెలలో ఆ మాట అనడం అది నాలుగోసారి. సుజాత సరేనంది. పదహారేళ్ల సర్వీసులో మారుమాట్లాడటం ఎప్పుడో మరిచిపోయింది.

ప్రొద్దుటూరులోని ఆ ప్రైవేటు నర్సింగ్‌హోంలో ఆడవాళ్ల వార్డుకు ఇరవై రెండు మంచాలు. తెల్లారేసరికి అన్నీ నిండాయి. ఐదు గంటలకు దువ్వూరు పక్క నుంచి ఒక ముసలామెను ఆటోలో తెచ్చారు. గొర్రెలు మేపే ఇంటి మనిషి. రెండు దినాల నుంచి వాంతులు, జ్వరం. పదకొండో మంచం ఇచ్చి, సెలైన్ పెట్టి, పేరు రాసుకుంది సుజాత. సుంకులమ్మ. నాలుగో మంచంలో ఇంకో సుంకులమ్మ వారం నుంచీ ఉంది. పులివెందుల ఆమె, చీనీకాయల తోట వాళ్లు. కాలిపుండు, షుగరు. ఇద్దరు సుంకులమ్మలైనారే, ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టాల అనుకుంది సుజాత. అంతలో ఎవరో బాత్రూంలో జారిపడ్డారని కేక వినిపించింది. పెట్టలేదు.

ఏడున్నరకు టిఫినుకు ముందు ఇన్సులిన్‌లు వేయాలి. నాలుగో మంచం సుంకులమ్మకని పదహారు యూనిట్లు సిరంజిలోకి తీసుకుని ట్రేతో వార్డులోకి వచ్చింది. కళ్లలో ఇసుక పోసినట్టుంది. నాలుగో మంచం ఖాళీగా ఉంది. ఆమెను డ్రెస్సింగ్‌కు తీసుకుపోయారని సుజాతకు తట్టలేదు.

"సుంకులమ్మా!" అని పిలిచింది.

"ఆఁ, ఈడుండా పాపా" అని పదకొండో మంచంలోంచి చెయ్యి లేచింది.

సుజాత పోయి ఆ చేతికి సూది వేసింది. ఫైలు చూడలేదు. ఆస్పత్రిలో సూది వేస్తే ఎందుకని అడిగే అలవాటు ముసలామెకు లేదు.

ఎనిమిదింపావుకు, డ్యూటీ అప్పజెప్పడానికి కాగితాలు సర్దుకుంటుంటే, పులివెందుల సుంకులమ్మ కూతురు కుసుమ వచ్చి నిలబడింది.

"సిస్టర్, మాయమ్మకు సూది వేయలేదే? ఇడ్లీ చల్లారిపోతాంది."

సుజాత తలెత్తి ఆ పిల్ల ముఖం చూసింది. సూది వేసింది ఎవరికో అప్పుడు తట్టింది. షుగర్ మిషన్ తీసుకుని పదకొండో మంచం దగ్గరికి పరిగెత్తింది.

ముసలామె నుదురంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. "పిల్లల్ని నీళ్లకు దింపినారా? ఆ కుంటిది వెనకబడింది సూడు" అంటోంది గొర్రెలను తలుచుకుని. వేలు గుచ్చి చూస్తే షుగరు నలభై నాలుగే. రెండు దినాల నుంచి గింజ ముట్టని ఒంట్లోకి పదహారు యూనిట్ల ఇన్సులిన్ పోయింది మరి.

ఆయాను డాక్టరు దగ్గరికి తరిమి, తను ఇరవై ఐదు పర్సెంట్ గ్లూకోజు తెచ్చి సిరంజిలోకి తీసుకుంది. ఈసారి సీసా మీది పేరు పైకి చదివింది. మంచం తలాపున నంబరు చదివింది. ఫైలు మీది పేరు కూడా చదివింది. డ్యూటీ డాక్టరు రాజశేఖర్ పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది?"

"తప్పు మనిషికి ఇన్సులిన్ వేసినా సార్. పదహారు యూనిట్లు. ఏడున్నరకు."

ఆయన ఇంకేమీ అడగకుండా నరంలోకి గ్లూకోజు ఎక్కించాడు. పావుగంటకు తొంభై ఆరుకొచ్చింది. ముసలామె కళ్లు తెరిచి నీళ్లడిగింది. గ్లూకోజు డ్రిప్పు పెట్టి, ప్రతి పావుగంటకూ షుగరు చూడమన్నాడు. నాలుగో మంచం ఆమెకు ఇన్సులిన్ ఆయన ఎదురుగానే వేయించాడు.

తర్వాత సుజాతను కారిడార్‌లోకి పిలిచాడు. "కేస్‌షీట్‌లో తినకపోవడం వల్ల షుగర్ పడిపోయిందని రాయి. అబద్ధమేం కాదు కదా, తినలేదు కదా."

"రాసేసినా సార్, జరిగింది జరిగినట్టు."

ఆయన ముఖం రుద్దుకున్నాడు. ఆయనదీ రాత్రి నుంచి అదే డ్యూటీ. "కొడుకు బయటుండాడు. ఏం చెప్తావో నీ ఇష్టం" అని వెళ్లిపోయాడు.

ముసలామె కొడుకు చెన్నకేశవ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. సుజాత అతని ముందు నిలబడి, దాచకుండా చెప్పింది. అతను మొదట అర్థం కానట్టు చూశాడు, తర్వాత ఒక్కసారిగా లేచాడు.

"మాయమ్మకు షుగర్ లేదే! యాల వేసినావు? సదువుకోలేదా నువ్వు? పేరొకటే ఐతే సూది గూడా ఒకటేనా?"

జనం పోగయ్యారు. సుజాత తల వంచుకుని నిలబడింది. అన్నీ అనిపించుకుంది. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అంది, "లోపలికి రా అన్నా. పక్కన కూర్చోవాల నువ్వు."

"నువ్వు సెప్పకుంటే మాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మరి యాల సెప్పితివి?"

"ఆ మందు ఇంకా ఒంట్లో ఉంది. మళ్లీ షుగరు పడిపోతే మాట తడబడతాది, చెమట పడతాది, మత్తుగా పడుకుంటాది. తెలియకుంటే నిద్రపోతాందిలే అని నువ్వు ఊరుకుంటావు. తెలిస్తే నన్ను పిలుస్తావు."

చెన్నకేశవ లోపలికి వచ్చి తల్లి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. పదిన్నరకు అతనే కేకేశాడు, "సిస్టరమ్మా, మాయమ్మ నన్ను మా నాయన పేరుతో పిలుస్తాంది!" షుగరు యాభై ఎనిమిది. మళ్లీ గ్లూకోజు ఎక్కించారు. రెండు గంటలకు నిలకడగా నూట ఇరవై చూశాక గానీ సుజాత ఆ మంచం వదల్లేదు. అప్పటికి ఇరవై నాలుగు గంటలైంది.

ఇంటికి పోయి భర్త తిమోతితో ఒక్క ముక్క చెప్పి పడుకుంది. సాయంత్రం ప్రార్థనకు పిలిచినా లేవలేదు.

మర్నాడు మెమో ఇచ్చారు. సంజాయిషీలో తన తప్పంతా రాసింది సుజాత. ఫైలు చూడలేదనీ, పేరు తను పిలిచి 'ఆఁ' అనిపించుకుందే గానీ ఆమె నోటితో చెప్పించలేదనీ రాసింది. చివర్న, ఆ సమయానికి పదిహేడున్నర గంటలుగా డ్యూటీలో ఉన్నానని రాసింది.

"ఆ లైను తీసెయ్" అంది మైమూన్ మేడం. "పైవాళ్లకు కోపమొస్తాది."

"తప్పు నాదే మేడం. ఆ గంటలు గూడా నిజమే."

మేట్రన్ కాగితం అట్లే పైకి పంపింది.

ముసలామె నాలుగో రోజున నడుచుకుంటూ ఇంటికి పోయింది. చెన్నకేశవ పోతూ సుజాత వైపు చూశాడు, పలకరించలేదు. ఆమెకు అది న్యాయంగానే తోచింది. సుజాతను వార్డు నుంచి తీసి కింద ఓపీలో సూదుల గదికి వేశారు. పొద్దున ఎనిమిది నుంచి రెండు వరకు. శిక్షని అందరూ అన్నారు. డ్యూటీ గంటల గురించి మాత్రం ఎవరూ నోరెత్తలేదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె సంచి తగిలించుకుని బయల్దేరుతుంటే పై వార్డు నుంచి ఆసియా దిగి వచ్చింది. ఆర్నెల్ల కిందట చేరిన పిల్ల. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, నిన్న రాత్రి నుంచీ ఉండా. రెండింటి సూదులు వేయాల. నా మీద నాకే నమ్మకం లేదక్కా."

సుజాత సంచి కుర్చీలో పెట్టి మెట్లెక్కింది. తను ఫైలు చదువుతుంటే ఆసియా సీసా చదివింది. మంచంలోని మనిషి తన పేరు తనే చెప్పాకే ఆసియా సూది వేసింది. తొమ్మిది మంచాలకు ముప్పావుగంట పట్టింది.

జమ్మలమడుగు బస్సు వెళ్లిపోయింది. ఇంకోటి రావడానికి అరగంట పడుతుందన్నారు. సుజాత బస్టాండు బెంచీ మీద కూర్చుని చెప్పులు విప్పి, వాచిన పాదాలు చల్లటి బండల మీద ఆనించింది.