పెద్ద సున్నా, చిన్న సున్నా

నేను ఒక పెన్సిల్‌ను. బడిపిల్లలు లెక్కలు చేసి, తప్పితే రబ్బరుతో తుడిపేసుకునే మామూలు పెన్సిల్‌ను మాత్రం కాను. నన్ను కాపీయింగ్ పెన్సిల్ అంటారు. పొడిగా రాస్తే నా రాత అన్ని పెన్సిళ్ళ రాతలాగే బూడిదరంగులో ఉంటుంది. తడి తగిలిందా, ఊదారంగు విచ్చుకుంటుంది. ఇక అది కాగితాన్ని వదలదు, వేలిని వదలదు, నాలుకను వదలదు. అందుకే మాట మార్చడానికి వీల్లేని చోట్లన్నిటా నన్నే వాడేవారు. మనుషులు తమ మాట మీద తమకే లేని నమ్మకాన్ని జానెడు పుల్ల మీద పెట్టుకోవడం చూసి మొదట్లో గర్వపడ్డాను. పోనుపోను జాలిపడ్డాను.

నేను పుట్టింది బొహీమియాలో, నది ఒడ్డున ఉన్న ఒక కర్మాగారంలో. గ్రాఫైటు పొడి, బంకమన్ను, ఊదారంగు కలిపి పిసికి, మీరు జంతికలు వత్తుకున్నట్టు సన్నటి రంధ్రంలోంచి వత్తి నా వెన్నుపూస తీశారు. రెండు చెక్కల నడుమ దాన్ని పడుకోబెట్టి జిగురుతో మూశారు. పన్నెండు మందిమి ఒక పెట్టెలో కూర్చుని రైలెక్కి, ఆస్ట్రియా దేశపు తపాలా శాఖలో ఉద్యోగానికి చేరాము. నా వంతుకు కొండల మధ్యనున్న లావెన్‌బాఖ్ అనే చిన్న ఊరు వచ్చింది. అది పందొమ్మిదివందల ముప్ఫైరెండు.

అక్కడి పోస్టాఫీసంతా ఒక్క మనిషే. ఆమె పేరు క్రెసెన్స్ మోసర్. ఉత్తరాలకు ముద్రలు కొట్టేదీ ఆమే, తంతి మీట నొక్కేదీ ఆమే, చలికాలంలో గుమ్మం ముందు మంచు ఎత్తిపోసేదీ ఆమే. రాసే ముందు నా మొనను నాలుకకు ఒకసారి తాకించుకోవడం ఆమెకు అలవాటు. ఆమె పెదవి అంచున ఎప్పుడూ చిన్న ఊదా మరక ఉండేది. రైల్వేలో పట్టాలు చూసే ఆమె భర్త ఫ్లోరియన్ దాన్ని చూసి, "మా ఆవిడ సర్కారువారి సిరా తాగి బతుకుతోంది" అని నవ్వేవాడు. ఆమె పనికి ఒక నియమం ఉండేది. టెలిగ్రాం ఇచ్చినవాళ్ళకు, పంపే ముందు, అందులోని ప్రతి మాటా పైకి చదివి వినిపించాలి. వాళ్ళు అవునంటేనే మీట మీద వేలు పెట్టాలి.

మా దేశం చిన్నది. కొండ దిగితే వచ్చే పక్క దేశం పెద్దది. భాష ఒకటే, పండుగలు ఒకటే. ఇటు పిల్లను అటు ఇచ్చేవారు, అటు ఆవును ఇటు తోలుకొచ్చేవారు. నేను వచ్చిన మరుసటి ఏడాది అక్కడ కొత్త ఏలుబడి వచ్చింది. దాని గురించి నాకు మొదట తెలిసింది కేకల వల్ల కాదు, నిశ్శబ్దం వల్ల. ప్రతి వేసవిలో మా కొండలు చూడడానికి అక్కడినుంచి వచ్చే యాత్రికులు రావడం మానేశారు. మా దేశం గడప తొక్కాలంటే వాళ్ళ డబ్బులో వెయ్యి మార్కులు కట్టి కదలాలని వాళ్ళ ప్రభుత్వమే శాసనం చేసింది. చిన్నవాడి మెడ నొక్కడానికి చెయ్యే అక్కర్లేదు, గిరాకీ ఆపితే చాలు. పోస్టుకార్డులు ఆగిపోయాయి. నేను అరగడం తగ్గింది.

ఊళ్ళో సత్రం నడిపే ఎగ్గర్ గదులన్నీ ఖాళీ పడ్డాయి. ఆయన మంచివాడే. పాటగాడు, పెళ్ళిళ్ళలో అందరికంటే ముందు లేచి ఆడేవాడు. అయితే ఖాళీ గదుల్లో కూర్చున్న మనిషికి ఆలోచనలు వంకరగా మొలుస్తాయి. గుమ్మం ముందు గొయ్యి తవ్వినవాణ్ణి వదిలేసి, గొయ్యిలో పడ్డవాళ్ళను తిట్టడం మొదలుపెట్టాడు. "వాళ్ళలో కలిసిపోతే ఈ పీడే ఉండదు కదా!" అనేవాడు. మొదట నవ్వారు. తర్వాత తలలూపారు. ఆ తర్వాత ఊపని తలలు ఎవరివో లెక్క చూడడం మొదలైంది.

ముప్ఫైఎనిమిది మార్చి నెలలో ఒక శుక్రవారం సాయంత్రం మా దేశాధినేత రేడియోలో సెలవు పుచ్చుకున్నాడు. శనివారం పొద్దుటికి పెద్ద దేశపు సైన్యం సరిహద్దు దాటింది. తుపాకులకు పూలు గుచ్చి స్వాగతం చెప్పారు. తుపాకి మీద పువ్వు పెడితే పువ్వు మారుతుందే గాని తుపాకి మారదని పెన్సిల్‌నైన నాకు తెలుసు. ఆ మంగళవారం ఫ్లోరియన్‌ను పట్టాల మీదినుంచే తీసుకుపోయారు. అతను కార్మిక సంఘం మనిషి. అంతకంటే కారణం ఎవరూ చెప్పలేదు.

ఏప్రిల్ పదిన ఓటింగు అన్నారు. దేశాన్ని మింగేశాక, మింగించుకోవడం ఇష్టమేనా అని అడగడమన్నమాట. చీటీ మీద రెండు సున్నాలు అచ్చువేశారు. నడిమధ్యన పళ్ళెమంత పెద్ద సున్నా, "అవును" అనడానికి. పక్కన మూలగా బఠాణీగింజంత చిన్న సున్నా, "కాదు" అనడానికి. ఓటర్ల జాబితాలోంచి జైల్లో ఉన్నవాళ్ళ పేర్లు కొట్టేశారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఊరి పురుళ్ళకూ జ్వరాలకూ వైద్యం చేసిన యూదు డాక్టరు పేరూ కొట్టేశారు. మిగిలింది రెండు వందల పన్నెండు మంది.

ఓటింగుకు ముందు రోజు గ్రామ కార్యదర్శి ప్రాంట్‌నర్ పోస్టాఫీసుకు వచ్చాడు. సన్నగా, మెత్తగా ఉండే మనిషి. గట్టిగా తలుపు వేయడం కూడా ఆయనకు చేతకాదు.

"ఒక పెన్సిల్ అప్పివ్వండమ్మా. బల్ల మీదికి ఉంది, తెర వెనక్కే లేదు" అన్నాడు.

"తెర కూడా కడుతున్నారా?" అంది క్రెసెన్స్.

"చట్టంలో ఉందిగా, కడుతున్నాం. ఎవరూ వెళ్ళరనుకోండి. ఊరి పెత్తనం ఇప్పుడు ఎగ్గర్ గారిదే. ఆయన అందరి ఎదుటా బల్ల మీదే గీయమంటున్నారు. దాచుకోవలసింది ఏముంది అని..."

ఆమె నన్ను చేతికి ఇచ్చింది. నేను ఎలాంటి పెన్సిల్‌నో ఆయన అడగలేదు, ఆమెకు చెప్పాలని తోచలేదు.

మర్నాడు బడిగదిలో, దుప్పటి తెర వెనుక, దారానికి వేలాడుతూ ఉన్నాను. అవతల బాజాలు, జెండాలు. జనం వరసగా వచ్చి బల్ల మీద వంగి, ఎగ్గర్ చూస్తూండగా, పెద్ద సున్నాలో పెద్ద గీతలు గీసి పోతున్నారు. నా దగ్గరికి రోజంతా వచ్చినవాళ్ళు ముగ్గురు. మొదట చూపు ఆనని ముసలి వాలెంటీన్ వచ్చాడు. లోపల కుర్చీ ఉందని తెలిసి, "అబ్బ, ఇప్పటికి కూర్చోనిచ్చార్రా నాయనా!" అంటూ చతికిలబడి, నన్ను తడుముకుని పెద్ద సున్నాను ఎలాగో పట్టుకున్నాడు. తర్వాత మంత్రసాని నొట్‌బుర్గా. ఆమె చాలాసేపు నిలబడి, ఏడ్చి, పెద్ద సున్నాలోనే గీసి, ముక్కు చీదుకుని వెళ్ళిపోయింది.

మూడవది క్రెసెన్స్.

తెర తొలగగానే అవతల బాజా కూడా ఒక్క క్షణం తగ్గినట్టయింది. ఆమె చీటీ పరిచి నన్ను అందుకుంది. అలవాటు కొద్దీ నోటి దాకా తెచ్చుకుని, నన్ను చూసి, ఆగిపోయింది. తడిపితే ఊదా. బల్ల మీద పెన్సిల్ నలుపు. చీటీలు విప్పినప్పుడు ఊదా గీత తెర వెనుక గీసినదని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. ఆరేళ్ళలో మొదటిసారి నేను ఆమె నాలుకకు తగలలేదు. పొడిగా, నెమ్మదిగా, వణక్కుండా చిన్న సున్నాలో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీసింది. అంత ఇరుకు చోట నేనెన్నడూ నిలవలేదు. అంత స్థిమితంగానూ నిలవలేదు.

ఐదు గంటలకు ప్రాంట్‌నర్ దారం విప్పి నన్ను కోటు జేబులో పెట్టుకుని లెక్కకు కూర్చున్నాడు. చీటీలు విడదీయడానికి బొటనవేలు నాలుకకు అద్దుకోవడం ఆయనకు చిన్ననాటి అలవాటు. అద్దుకుంటూ, విప్పుతూ, "అవును... అవును... అవును..." అని దొంతర పేర్చుతున్నాడు. ఎదురుగా ఎగ్గర్ చుట్ట కాలుస్తూ వింటున్నాడు. నూట డెబ్భయ్యో చీటీ మీద ఆ తడి వేలు సరిగ్గా చిన్న సున్నా మీద పడింది. బూడిద గీత ఊదాగా విచ్చుకుంది.

ఆయన గొంతు ఆగలేదు. "అవును" అన్నాడు. చీటీని దొంతరలో పెట్టాడు. జేబు లోపల నాకు ఆయన గుండె చప్పుడు మాత్రం బాగా వినపడింది.

ఫలితం జిల్లాకు తంతిలో వెళ్ళాలి. తంతి పంపేది క్రెసెన్సే. ప్రాంట్‌నర్ ఫారం పట్టుకుని లోపలికి వచ్చాడు. ఎగ్గర్ గుమ్మం బయట ఎవరితోనో జబ్బలు చరుచుకుంటూ ఆగిపోయాడు. అప్పు తీరుస్తున్నట్టు ప్రాంట్‌నర్ నన్ను కౌంటరు మీద పెట్టాడు. ఆమె ఫారం తీసుకుంది. "కాదు" అన్న గడిలో "ఏమీ లేవు" అని ఉంది. ఆమె చూపు కాగితం మీదినుంచి ఆయన బొటనవేలికి అంటిన ఊదా మరక మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చేతిని చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

ఆమె నియమం ప్రకారం పైకి చదివింది. "ఓటర్లు రెండు వందల పన్నెండు. అవును, రెండు వందల పదకొండు. కాదు, ఒకటి."

"అలా లేదమ్మా అందులో."

"ఇందులో లేదు. మీ వేలి మీద ఉంది."

"నెమ్మదిగా... ఎగ్గర్ బయటే ఉన్నాడు." ఆయన కౌంటరు మీదికి వంగాడు. "తెర వెనక్కి వెళ్ళింది ముగ్గురు. మీ ఆయన జైల్లో ఉన్నాడు. ఎవరి మీద పడతారో చెప్పాలా? మిమ్మల్ని కాపాడదామనే కదమ్మా..."

"నన్ను అడిగారా?"

"అడిగే వ్యవధి ఎక్కడిది?"

"నెల రోజులుగా అందరూ నా బదులు అవునంటూనే ఉన్నారు. రేడియో అంది, పేపరు అంది, చర్చి గంట కూడా అంది. బఠాణీగింజంత చోటు నాకు మిగిలింది. అక్కడా మీరే మాట్లాడేశారు." ఆమె గొంతు పెంచలేదు. "ఫ్లోరియన్ తిరిగొచ్చి, నువ్వేమన్నావే అని అడిగితే ఏం చెప్పమంటారు? ఊరితో పాటు నేనూ వాళ్ళను రమ్మన్నానని చెప్పనా?"

"ఇది పంపితే నా వల్ల ఇక ఏమీ కాదు. నేను కాపాడలేను."

"కాపాడమనలేదండీ. లెక్కపెట్టమన్నాను."

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. అది టైము తప్ప ఏమీ చెప్పలేదు. తర్వాత కొత్త ఫారం ఒకటి లాక్కున్నాడు. నన్ను తీసుకున్నాడు. నాలుకకు తాకించుకున్నాడు, పూర్తిగా, మొన మునిగేలా. రెండు వందల పదకొండు అని రాశాడు. దాని కింద ఒకటి అని రాశాడు. సంతకం పెట్టాడు. ఊదాక్షరాలు తడిగా మెరిశాయి. ఆమె మళ్ళీ చదివి వినిపించింది. ఆయన "అవును" అన్నాడు. మీట టకటకమని కదిలింది.

ఎగ్గర్ లోపలికి వచ్చేసరికి ఆఖరి అంకె వెళ్ళిపోతోంది. ఫారం చూసి ఆయన ముఖం జేవురించింది. "ఒకటా? ఇందాక లేదన్నావు కదయ్యా!"

"మళ్ళీ చూస్తే ఉందండి."

"ఎవరు? ఎవరు వాడు?"

"రహస్య ఓటింగు కదండీ. బడి తలుపు మీద మీరే రాయించారు."

ఎగ్గర్ క్రెసెన్స్ వైపు చూశాడు. ఆమె కూడా కళ్ళు దించకుండా చూసింది. ఆ చూపు మీద ఆమె ఉద్యోగం, ఇల్లు, బహుశా ప్రాణం కూడా వేలాడుతున్నాయి. అయితే మనిషి పొగరు ఒక్కోసారి దయ కంటే బాగా పనిచేస్తుంది. తన ఊళ్ళో తనను కాదన్నవాళ్ళు ఉన్నారని ఒప్పుకోవడం ఎగ్గర్‌కు మరీ కష్టమైంది. "ఆ వాలెంటీన్ ముసలాడే అయ్యుంటాడు. కళ్ళు కనపడి చస్తేగా!" అని గొణుగుతూ, తలుపు ధడేలున వేసి పోయాడు.

ఇప్పుడు నేను జిల్లా పట్నంలోని ప్రదర్శనశాలలో, గాజుపెట్టెలో, రెండంగుళాల ముక్కగా ఉన్నాను. "తపాలా పెన్సిల్" అని పక్కన చీటీ ఉంది. చూడవచ్చినవాళ్ళు నన్ను దాటి తుపాకుల గదికి వెళతారు. ఆ ఏడాది వేసవిలోనే ప్రాంట్‌నర్‌ను ఉద్యోగం నుంచి తీసేశారు. చలికాలంలో ఫ్లోరియన్ తిరిగొచ్చాడు, సగం పళ్ళతో, చెప్పవలసినదాంట్లో సగం మాటలతో. ఆమె అతనికి చెప్పవలసింది చెప్పింది. తర్వాత యుద్ధం వచ్చింది. దాన్ని తుపాకులే చెప్పుకోనివ్వండి. నాకు తెలిసినది ఆ ఓటింగు తర్వాతి మంగళవారం.

ఆ ఉదయం పేపరు కట్ట వచ్చింది. జిల్లా ఫలితాలు ఊరి పేర్లతో సహా అచ్చయ్యాయి. లావెన్‌బాఖ్: ఓటర్లు 212. అవును, 212. కాదు, లేవు.

ప్రాంట్‌నర్ టోపీ చేతిలో పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. బొటనవేలి మరక ఇంకా వదల్లేదు. ఇసుకతో తోమినట్టున్నాడు, చర్మం ఎర్రబడింది.

"చూశారా?" అన్నాడు.

"చూశాను."

"తంతి సరిగానే వెళ్ళిందా?"

"సరిగానే వెళ్ళింది. అందినట్టు బదులు కూడా వచ్చింది."

"మరి ఎవరు దిద్దారంటారు?"

ఆమె ఉత్తరం మీద ముద్ర కొట్టి, పక్కకు పెట్టి, ఇంకొకటి తీసుకుంది. "ఎవరైతేనేం? మనం దిద్దలేదు."

 ఆయన టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళాడు. వెళుతూ వెళుతూ తలుపును ఊరంతా వినపడేలా వేశాడు.