ముగింపు లేని పేరా

ఐదో తరగతి పంతులమ్మ రెండు వారాల సెలవు తర్వాత బడికి వచ్చేసరికి బల్ల మీద ముప్పై రెండు ఉత్తరాలున్నాయి. ఆవిడ అక్క పోయిందని తెలిసి హెడ్‌మిస్ట్రెస్ పిల్లల చేత రాయించినవి.

ఆ పిల్లలకు రాయడం నేర్పింది ఈవిడే. పేరాకి ఐదు వాక్యాలు. మొదటిది విషయం, నడుమ మూడూ వివరాలు, చివరిది ముగింపు. ముగింపు లేకపోతే రెండు మార్కులు హుళక్కి. పిల్లలేమైనా తక్కువ తిన్నారా? "మీ అక్క చనిపోవడం విచారకరం. మొదటిది, మీకు ఇంకో అక్క లేదు. రెండోది, మీరు సెలవు పెట్టాల్సి వచ్చింది. మూడోది, మా పరీక్ష వాయిదా పడింది. కాబట్టి మీ అక్క చనిపోవడం మంచిది కాదని తెలుస్తోంది."

ఇంకెవరైనా అయితే నవ్వేవారు, లేదా ఏడ్చేవారు. ఆవిడకు రెండూ రాలేదు. అక్కను సాగనంపిన రోజు కూడా కన్ను చెమ్మగిల్లలేదు. ఎంత గుండె నిబ్బరమో అన్నారు చూసినవాళ్లు. నిబ్బరమూ కాదు, పాడూ కాదు. మనసు మొద్దుబారిపోయింది, అంతే.

సంచిలో బావ ఇచ్చిన తెల్లకాగితం ఒకటుంది. "పాపకి రెండేళ్లే. వాళ్లమ్మ దానికి గుర్తుండదు. నాకా రాయడం రాదు. నువ్వు ఒక్క పేజీ రాసిపెట్టమ్మా, పెద్దయ్యాక చదువుకుంటుంది. లేకపోతే దానికి అమ్మంటే ఫొటోనే" అన్నాడు. వారం రోజులుగా ఆ కాగితం మీద ఒక్క వాక్యమే ఉంది: "మీ అమ్మ చాలా మంచిది." తరగతిలో ఎవరైనా ఇలా రాస్తే ఆవిడ ఊరుకునేదా? చెప్పేందుకే నీతులు.

ఇంతలో చేతికి ఎర్ర కలం తగిలింది. అలవాటు కొద్దీ ఒక ఉత్తరం దిద్దింది, ఇంకొకటి దిద్దింది, ముప్పై రెండూ దిద్ది మార్కులు వేసి పంచిపెట్టింది. తనకొచ్చిన పరామర్శలకు తానే మార్కులు వేసిన మనిషి లోకంలో ఇంకొకరుండరు. పక్క తరగతి టీచర్ గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడిపోయింది. పిల్లలకు మాత్రం వింతగా ఏమీ అనిపించలేదు, పక్కవాడికెన్ని వచ్చాయో చూసుకున్నారు.

మధ్యాహ్నం విరామంలో ఒక పిల్ల కాగితం పట్టుకుని వచ్చింది. తరగతిలో దాన్ని సందేహాల పుట్ట అంటారు. కాగితం మీద "వివరాలు చాలవు" అని ఎర్రగా రాసి ఉంది, కింద నాలుగు మార్కులు.

"టీచర్, మీ అక్కని నేను చూడలేదు కదా. వివరాలెలా రాయాలి?"

"తెలియకపోతే తెలిసినవాళ్లని అడగాలి."

"అందుకే వచ్చాను." పిల్ల పెన్సిల్ తీసింది. "ఎలా ఉండేవారు?"

"మంచిది."

"అలా రాస్తే మీరే కొట్టేస్తారు. కంటికి కనిపించేది చెప్పండి."

పంతులమ్మ కిటికీ వైపు చూసింది.

"తలుపుకి తాళం వేసి మూడుసార్లు లాగి చూసేది. నాలుగడుగులు వేశాక వెనక్కొచ్చి మళ్లీ లాగేది."

"ఇంకా?"

"కళ్లజోడు తల మీదే పెట్టుకుని ఇల్లంతా వెతికేది. నేను చూసి కూడా చెప్పేదాన్ని కాదు."

"చెవికి వినిపించేది?"

"ఫోన్ చేస్తే హలో అనేది కాదు. 'తిన్నావా' అనేది." ఆవిడ ఎర్ర కలానికి మూత పెట్టింది. "పోయిన రోజు కూడా చేసింది. పేపర్లు దిద్దుతున్నాను, తర్వాత మాట్లాడతానన్నాను."

పెన్సిల్ ఆగింది. "ఇది కూడా రాయనా?"

"రాయి."

పిల్ల రాసి, వేళ్లతో లెక్కపెట్టుకుంది. "ముగింపు రావట్లేదు టీచర్. రెండు మార్కులు పోతాయా?"

"పోతే పోనీలేమ్మా."

పంతులమ్మ సంచిలోంచి బావ కాగితం తీసింది. ఉన్న వాక్యాన్ని ఎర్ర కలంతో కొట్టేసి, దాని కింద రాసింది: "మీ అమ్మ తలుపుకి తాళం వేసి మూడుసార్లు లాగి చూసేది." తర్వాత కళ్లజోడు. తర్వాత "తిన్నావా" అని రాయబోయింది. రెండు వారాలుగా తనను ఆ మాట ఎవరూ అడగలేదని అప్పుడు తెలిసింది, తెలిసి నొప్పి పుట్టింది.

"టీచర్," అంది సందేహాల పుట్ట, బల్ల మీద విప్పని టిఫిన్ డబ్బా వైపు చూస్తూ, "మీరింకా తినలేదా?"